పరలోకానికి ముల్కీ

పోయిన ఆదివారం సండే స్కూల్లో ఒక పిల్ల నన్ను అడిగింది. "టీచర్, మా నానమ్మ గుడికి పోతది, చర్చికి రాదు. ఆమె చచ్చిపోతే పరలోకం పోదా?"

వాళ్ళది బడంగ్‌పేట్. తల్లి పెళ్ళయ్యాక క్రీస్తును నమ్ముకుంది, తండ్రి ఇంకా ఎటూ తేల్చుకోలేదు. ఆ పిల్ల ఏడుస్తూ అడగలేదు. లెక్కల్లో సందేహం వచ్చినట్టు అడిగింది.

"పోదని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"పక్క క్లాసు సార్."

"మా టీచర్ పోతుందని చెప్పింది అని సార్‌కు చెప్పు. ఇంకేమన్నా ఉంటే నన్నే వచ్చి అడగమను."

ఆ సార్ ఇంతవరకు రాలేదు. వస్తే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది. అది నేను పరికిణీలు కట్టుకునే వయసులో, ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో నేర్చుకున్న జవాబు.

నాకు డైరీ రాసే అలవాటుంది. ఆఫీసులో రికార్డు సెక్షన్ చూసినన్నాళ్ళూ రాశాను, రిటైరయ్యాక కూడా మానలేదు. ఎండ, వాన, కూరగాయల ధర, ఇంటికి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, అన్నీ ఉంటాయి. కానీ ఆ ఎండాకాలం నా డైరీల్లో లేదు. అప్పట్లో నాకు రాసుకోవడానికి పలక తప్ప మరేమీ లేదు. అందుకని ఇది జ్ఞాపకం మీదే రాస్తున్నాను. తేదీలు ఇవ్వలేను. మిగతావి ఇవ్వగలను.

ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడిన ఆ రోడ్డుకు అటూ ఇటూ అప్పుడు ద్రాక్షతోటలు. దిల్‌సుఖ్‌నగర్ దాటి, ఈ రోజు ఎల్.బి.నగర్ చౌరస్తా అంటున్న చోటు దాకా పందిళ్ళే పందిళ్ళు. మా నాయన ఒక తోటలో నీళ్ళు కట్టేవాడు. మోటారు గది పక్కన రేకుల ఇల్లు మాకిచ్చారు. నల్లగొండ జిల్లా ఊరు విడిచి వచ్చిన మాకు అదే మొదటి పట్నం. పొద్దున్నే లేస్తే తడిమట్టి వాసన, దానిమీద మగ్గిన పండ్ల పులుపు, మోటారు నుంచి కిరసనాయిలు. ఇప్పటికీ ఆ మూడూ కలిసి ఎక్కడన్నా తగిలితే నాకు ఆకలేస్తుంది. ఎందుకంటే అదే వేళకు అవ్వ జొన్నరొట్టె కాల్చేది. రొట్టె మీద ఉల్లిగడ్డ కారం, పక్కన పచ్చిపులుసు.

అవ్వ అంటే నాయన తల్లి. అమ్మ పొద్దంతా తోటలో కూలికి పోయేది కాబట్టి నన్ను పెంచింది అవ్వే. పందిళ్ళ కింద మేము, అంటే తోట పిల్లలం, అందినకాడికి పండ్లు కోసుకుని పరికిణీ అంచులో మూటగట్టుకునేవాళ్ళం. కావలివాడు వస్తే అవ్వ ముందుకొచ్చి, "నేనే తెంపమన్న. నన్ను పట్టుకపో" అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. వాడు పట్టుకుపోయేవాడు కాదు. వాడు పోయాక అవ్వ చేతిలో మా వీపులు మాత్రం వాచేవి.

తోట వెనక షాబాద్ బండలు పరిచిన ఒక చిన్న గది మా చర్చి. అమ్మా నాయనా ఊళ్ళోనే బాప్తిస్మం తీసుకున్నారు. నాకు పసితనంలోనే ఇప్పించారు. చర్చికి వచ్చేవాళ్ళలో సగం మా వైపు కూలిజనం, సగం ఉద్యోగాల మీద వచ్చిన కోస్తా కుటుంబాలు. మా అమ్మలు ఒక వైపు చాపల మీద, వాళ్ళ అమ్మలు ఇంకో వైపు చాపల మీద కూర్చునేవారు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. చర్చి పాస్టరు అయ్యగారిది కూడా గుంటూరు వైపే. సన్నగా, పొడుగ్గా, సైకిలు మీద గొడుగు పట్టుకుని తిరిగేవారు. పెద్దవాళ్ళందరినీ "అండీ" అని పిలిచేవారు. అవ్వ ఒక్కతే ఆయనను "నువ్వు" అనేది. మా ఊళ్ళో దేవుణ్ణీ దొరనూ కూడా అలాగే పిలుస్తారని ఆయనకు ఎవరో చెప్పినట్టున్నారు, ఏనాడూ నొచ్చుకోలేదు.

అవ్వ బాప్తిస్మం తీసుకోలేదు. కానీ ఏ ఆదివారమూ మానలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేసేది. అది క్రైస్తవ ఇళ్ళలో ఆడవాళ్ళ ఆచారం, ఆదివారం ఆ బియ్యం చర్చికి ఇస్తారు. మా ఇంట్లో అమ్మ మరిచేది కాని అవ్వ మరిచేది కాదు. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి చేసేది. తోటలో ఎక్కువగా పచ్చ ద్రాక్షే అయినా, ఒక మూలన నల్ల ద్రాక్ష వరుస ఉండేది. గుత్తుల నుంచి రాలిన నల్లపండ్లు ఏరి, కడిగి, బోగానిలో ఉడకబెట్టి, ఉతికిన గుడ్డలో పిండి, చక్కెర, రెండు లవంగాలు వేసి మళ్ళీ కాచి, సీసాల్లో పోసి మూతులకు మైనం పెట్టేది. చర్చిలో సంస్కారం రోజున, అంటే క్రీస్తు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచే రోజున, గిన్నెలో పోసేది ఆ రసమే.

సంఘపెద్ద ఒకాయన, రైల్వేలో పనిచేసేవాడు, దీనికి అడ్డం చెప్పాడు. బాప్తిస్మం లేని చేతులతో చేసింది సంస్కారపు బల్ల మీద ఎట్లా పెడతామన్నాడు.

"చేతులు కడుక్కుంటే చాలండీ" అన్నారు అయ్యగారు.

అవ్వ నవ్వింది. "కాగబెట్టెటందుకు పనికొస్త గని తాగెటందుకు పనికిరానా అయ్యగారూ?"

"మీరు ఊఁ అంటే రేపే తాగొచ్చు కదమ్మా. బాప్తిస్మం తీసుకోండి."

"తీస్కుంటే ఎటు పోత?"

"పరలోకానికి."

"మా ముసలోడు ఆడ ఉంటడా?"

ఊళ్ళోకి ఏ బోధకుడూ రాకముందే మా తాత పోయాడు. అయ్యగారు అబద్ధం చెప్పలేని మనిషి. కాసేపు గొడుగు కర్ర చూసుకుని, "ఆయన ప్రభువును ఎరగడు కదమ్మా" అన్నారు.

"అయితే నాకొద్దు. ఒక్కదాన్ని ఆడికి పోయి ఎవల్తోని కొట్లాడాలె?"

ఈ సంభాషణ నేను చాలాసార్లు విన్నాను. ప్రతి ద్రాక్ష పంటకూ ఒకసారి జరిగేది. చివరికి ఇద్దరూ నవ్వుకునేవారు. అయ్యగారు రెండు సీసాలు సంచిలో పెట్టుకుని సైకిలెక్కేవారు.

నేను చెప్పే ఏడాది ద్రాక్ష పండే వేళకు బడులు మూతపడ్డాయి. తెలంగాణ కావాలని విద్యార్థులు లేచారు. కాలేజీ చదివే మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, వారం వారం చొక్కా చింపుకుని ఇంటికొచ్చేవాడు. అవ్వ కుట్టి ఇచ్చేది. బస్సులు ఒక రోజు ఉంటే రెండు రోజులు ఉండేవి కావు. గోడల నిండా జై తెలంగాణ. ఇక్కడి ఉద్యోగాలకు ఇక్కడివాడినని రుజువు చూపే ముల్కీ కాగితం ఉండాలి. దొంగ కాగితాలు పుట్టించుకుని కోస్తావాళ్ళు వచ్చి కూర్చున్నారని చిన్నాయన వాళ్ళ కోపం. అది న్యాయమైన కోపమే. మా నాయన లాంటివాళ్ళ పిల్లలకే ఆ ఉద్యోగాలు రావాలి. అయితే ఆ కోపం అయ్యగారి సైకిలు దాకా కూడా వచ్చింది. కొందరు కుర్రాళ్ళు దారికడ్డంగా నిలబడి, "గైర్ ముల్కీ, ఎప్పుడు పోతున్నవ్?" అని అడిగేవారు. ఆయన సైకిలు దిగి, నడిపించుకుంటూ పోయేవారు.

బడి లేని పిల్లలం ఊరికే తిరుగుతున్నామని అయ్యగారు రోజూ మాకు తరగతి పెట్టారు. పసితనంలో బాప్తిస్మం పొందిన పిల్లలు పెద్దయ్యాక సంస్కారం బల్లకు చేరాలంటే ఒక ప్రశ్నోత్తరాల పుస్తకం కంఠతా పట్టాలి. మట్టల ఆదివారం నాడు సంఘం ఎదుట వరుసగా నిలబెడతారు. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న. జవాబు చెప్పినవాళ్ళు పై ఆదివారం, ఈస్టరు నాడు, రొట్టె తీసుకుంటారు. అమ్మ నాకు తెల్ల పరికిణీ కుట్టించింది. తరగతి అయ్యాక అయ్యగారి భార్య, మా అందరికీ అయ్యగారమ్మ, సున్నుండలు పెట్టేవారు. అవి తినడానికే పుస్తకం అంత బాగా పట్టాను.

ఆ నడుమే అవ్వకు జబ్బు చేసింది. సీసాలకు మైనం పెట్టిన మరునాడు జ్వరం తగిలింది. తగ్గలేదు. బందు. దవాఖానకు తీసుకుపోవడానికి బండి లేదు. అయ్యగారు సైకిలు మీద పట్నంలోకి పోయి, డాక్టరుకు చెప్పి, మందు తెచ్చారు. దారిలో ఎవరో రాయి విసిరారు. చెవి మీద రక్తం గడ్డకట్టి ఉంది. అవ్వ అది చూసి, "నీకేం పట్టింది, ఇంట్ల పండరాదు" అని తిట్టింది. అదే ఆమె బాగా మాట్లాడిన చివరి మాట.

చివరి పొద్దున ఆయన మళ్ళీ వచ్చారు. మంచం పక్కన కూర్చుని, ఇప్పుడైనా తలమీద కాసిని నీళ్ళు పోయనా అమ్మా అని మెల్లగా అడిగారు. అవ్వ తల అడ్డంగా ఊపింది. నేను కాళ్ళ దగ్గరే ఉన్నాను, చూశాను.

అవ్వను బొందలగడ్డలో పూడ్చేటప్పుడు అయ్యగారు ప్రార్థన చేశారు. మమ్మల్ని ఓదార్చమన్నారు. నాయనకు బలమివ్వమన్నారు. అవ్వ గురించి ఒక్క మాట అడగలేదు. ఆమెను నీ దగ్గర చేర్చుకో అని అడగడానికి ఆయనకు అధికారం లేదట. ఆయన ఎండలో గొడుగు మూసి నిలబడి ఏడ్చారు, కాని అడగలేదు.

మట్టల ఆదివారం వచ్చింది. మేము వరుసలో నిలబడ్డాం. ఎవరికి ఏ ప్రశ్న వస్తుందో అందరికీ ముందే తెలుసు. అయ్యగారు పుస్తకంలోని క్రమంలోనే, నిలబడిన క్రమంలోనే అడిగేవారు. నాకు వచ్చేది పరిశుద్ధాత్మ గురించి. గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. అయితే ఆ రోజు బస్సులు లేక నా ముందు నిలబడాల్సిన ఇద్దరు పిల్లలు రాలేదు. వాళ్ళకు రావాల్సిన ప్రశ్నలు వెనక్కి, మా మీదికి జరిగాయి. అయ్యగారు పుస్తకం వైపే చూస్తూ చదివేశారు.

"క్రీస్తును ఒప్పుకొనకయు బాప్తిస్మము పొందకయు మరణించిన వారికి రక్షణ కలదా?"

చదివేశాక తలెత్తి నన్ను చూశారు. ఆయన ముఖం మారింది. పుస్తకంలో జవాబు ఒక్కటే మాట. లేదు.

"ఉంది" అన్నాను.

వెనక చాపల్లో ఎవరో నవ్వారు, పిల్ల తడబడిందని. అయ్యగారు ఇంకో ప్రశ్నకు పోబోయారు. రైల్వే పెద్ద ఊరుకోలేదు. "ఆగండి అయ్యగారూ. పాపా, నిదానంగా ఆలోచించి చెప్పు."

"ఆలోచించే చెప్తున్న. ఉంది."

"ఎక్కడ రాసి ఉంది?"

"దేవుడు లోకాన్ని ప్రేమించిండని అయ్యగారే నేర్పిన్రు. లోకంల మా అవ్వ లేదా?"

అప్పుడెవరూ నవ్వలేదు.

పెద్దలు అక్కడే మాట్లాడుకున్నారు. సంఘమంతా విన్న మాట సంఘం ఎదుటే సరిదిద్దుకుంటేనే ఈ పిల్లకు రొట్టె అన్నారు. ఇంటికొచ్చాక అమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టింది.

"ఒక్క మాటనే గద బిడ్డా. నోటితోని అను. మనసుల అనకు."

"అవ్వ ఇంటది."

"ఏడికెళ్లి ఇంటదే?"

"ఏడ ఉన్నదో ఆడికెళ్లి."

అమ్మ తెల్ల పరికిణీ మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. ఆమె భయం నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుసు. ఊరు విడిచి వచ్చినవాళ్ళకు ఆ గది ఒక్కటే చుట్టం. పెళ్ళి, చావు, జ్వరం, అన్నీ ఆ చాపల మీది మనుషులతోనే గడవాలి.

ఆ వారం అయ్యగారు ఇంటికొచ్చారు. చిన్నాయన గడప మీద కూర్చుని చొక్కా తనే కుట్టుకుంటున్నాడు. ఆయనకు చోటివ్వడానికి జరిగాడు గాని లేవలేదు.

"అమ్మాయ్, నువ్వు 'లేదు' అని కూడా అనక్కర్లేదు" అన్నారు అయ్యగారు నాతో. "ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

చిన్నాయన సూది ఆపాడు.

"నాకు తెల్వక అడుగుత అయ్యగారూ. మా అమ్మ కాగబెట్టిన రసం బల్ల మీద పెడ్తరు. మా అమ్మను మాత్రం నరకంల పెడ్తరు. మీ పరలోకానికి గూడ ముల్కీ సర్టిఫికెట్ కావాల్నా?"

అమ్మ "ఊకో" అంది. అయ్యగారికి కోపం రాలేదు. చెవి మీద మానుతున్న గాయం తడుముకున్నారు.

"నన్ను రోజూ రోడ్డు మీద ఆపి మీ స్నేహితులు అడిగేదీ అదే కదా బాబూ. నా పిల్లలు ఇక్కడే పుట్టారు. కాగితం చూపించమంటారు."

"గది వేరే. అది కొలువుల ముచ్చట."

"వేరేనేమో" అన్నారాయన. "బయట నిలబడినవాడికి మాత్రం తేడా తెలియడం లేదు."

చిన్నాయన దారం కొరికి, చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు. ఆ తర్వాత మా తోట దారిలో అయ్యగారి సైకిలును ఎవరూ ఆపలేదు. చిన్నాయన ఏమి చేశాడో మేము అడగలేదు.

అయ్యగారు నా వైపు తిరిగారు. "ఈ నియమం నేను రాసింది కాదమ్మా. తీసేసే హక్కు నాకు లేదు."

"నాకు గూడ లేదు అయ్యగారూ. అది వాపస్ తీస్కుంటే అవ్వను నేనే ఆడ పెట్టినట్టు."

ఆయన మంచినీళ్ళు అడిగి తాగి, వెళ్ళిపోయారు.

ఈస్టరు నాడు మా తరగతి పిల్లలు తెల్లబట్టల్లో ముందు వరుసలో కూర్చున్నారు. నేను పాత పరికిణీలో చివర, తలుపు దగ్గర. అయ్యగారమ్మ కాల్చిన పులియని రొట్టెను చిన్నచిన్న ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టారు. పిల్లలు తీసుకున్నారు. మగవాళ్ళు తీసుకున్నారు. ఆడవాళ్ళు లేచారు. అమ్మ చెంగు కప్పుకుని, మోకాళ్ళూని, అరచేతులు చాచింది. అయ్యగారు ముక్క పెట్టారు.

అందరూ అక్కడే నోట్లో వేసుకుంటారు. అమ్మ గుప్పిట మూసి లేచింది. రెండు చాపల వరుసల మధ్య నుంచి నడుచుకుంటూ తలుపు దగ్గరకు వచ్చి నా పక్కన కూలబడింది. గుప్పిట తెరిచి, గోరంత రొట్టెను రెండుగా తుంచింది. సగం నా నోటి దగ్గర పెట్టింది.

"తిను."

రైల్వే పెద్ద లేచి నిలబడ్డాడు. అయ్యగారు చేతిలో గిన్నెతో అలాగే ఉండిపోయారు. నేను తిన్నాను. మిగతా సగం అమ్మ తిన్నది. అయ్యగారు బల్ల దగ్గర మోకాళ్ళ మీద ఎదురుచూస్తున్న ముసలామె వైపు గిన్నె వంచారు.

అమ్మను బల్ల నుంచి నిలిపివేశారు. తప్పయిందని సంఘం ఎదుట చెప్పేదాకా సంస్కారం లేదన్నారు. అమ్మ ప్రతి ఆదివారం వచ్చింది, చెప్పలేదు. చర్చిలో జరిగే కోతల పండుగ ముందు పెద్దలు ఆమెను నిలబెట్టి అడిగారు.

"పిల్ల ముంగట నేనొక్కదాన్నే ఎట్ల తింటయ్యా" అంది అమ్మ. "సగం పెట్టిన. దాంట్ల తప్పేందో మీరే చెప్పుండ్రి. గది తప్పంటే ఒప్పుకుంట."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా తల దించుకున్నది కోస్తా చాపల మీది ఒక తల్లి. చంకలో పిల్ల ఉంది ఆమెకు. క్రిస్మసు నాటికి అమ్మ బల్లకు పోయింది. తప్పు ఒప్పుకున్నట్టు ఎవరికీ గుర్తులేదు, నాకూ లేదు.

మరుసటి ఏడు మట్టల ఆదివారం నన్ను మళ్ళీ వరుసలో నిలబెట్టారు. ఈసారి పిల్లలందరూ వచ్చారు. నాకొచ్చే ప్రశ్న ఏదో లెక్కబెట్టుకుని ఉన్నాను. ఆ ప్రశ్నే వస్తే ఇదివరకటి జవాబే. అయ్యగారు నా ముందు ఆగి, పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. అన్నిటికన్నా మొదటిది, చిన్నపిల్లలను అడిగేది, అడిగారు.

"నీ పేరేమి?"

బాప్తిస్మంలో నాకు పెట్టింది బైబిల్లోని ఒక స్త్రీ పేరు. బడిలో, చర్చిలో అదే. కాని పుట్టినప్పుడు పెట్టిన పేరు మా అవ్వదే, అది ఒక అమ్మవారి పేరు కూడా. మా ఇళ్ళలో కోడలు అత్త పేరు పలకదు, కొడుకు తల్లి పేరు పలకడు. అందుకని అమ్మా నాయనా నన్ను బిడ్డా అనే పిలిచేవారు. ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి అవ్వ ఒక్కతే. ఆమె పోయాక ఏడాదిగా ఆ పేరు ఎవరి నోటా రాలేదు.

నేను ఆ పేరే చెప్పాను. పెద్దగా, రెండు వైపుల చాపలకూ వినపడేలా.

రైల్వే పెద్ద చేయి ఎత్తబోయాడు. అయ్యగారు ఆయన వైపు చూడలేదు. పై ఆదివారం నేను తెల్ల పరికిణీలో మోకాళ్ళూని అరచేతులు చాచినప్పుడు, అయ్యగారు రొట్టె ముక్క పట్టుకుని, సంఘమంతా వింటుండగా, ఆ పేరు పెట్టి పిలిచారు.